పెరట్లో లేని సమాధి

హలో… ఆ, నేనే. నేను కాక ఇంకెవరెత్తుతారు ఈ ఇంట్లో?

ఏంటి, గొంతు అంత తియ్యగా ఉంది?… ఓహో. 'అక్కా, ఒక చిన్న సాయం.' చెప్పు నాయనా, వింటున్నా…

ఆ… మీ కంపెనీ తరఫున ఎవరో ఇద్దరొస్తారు… ఏమడిగినా అవునంటే చాలు… అంతేనా?

ఒరేయ్, ఆగు. వస్తారు కాదు. వచ్చారు. పొద్దున్నే వచ్చారు.

ఇప్పుడా? ఇప్పుడు పక్కింట్లో ఉన్నారు, టేపు పట్టుకుని కొలుస్తున్నారు. భోజనాల వేళకి మళ్ళీ ఇక్కడికే వస్తామన్నారు. కిటికీలోంచి వాళ్ళని చూస్తూనే నీతో మాట్లాడుతున్నా…

నేనేం చెప్పానో తర్వాత. ముందు నువ్వు చెప్పు. అమ్మ ఎప్పుడు చచ్చిపోయిందిరా?

…

మాట్లాడవేం? హలో?… చెప్పు. ఎప్పుడు పోయింది, ఏం జబ్బు చేసి పోయింది? కన్నకూతుర్ని, నాకూ తెలియాలి కదా!

మీ గ్యాస్ గొట్టం రిపోర్టులో ఏదో ఒకటి రాయాల్సి వచ్చిందా? ఏదో ఒకటంటే అమ్మే దొరికిందా నీకు?

అరుస్తా. ఎందుకరవను? నా ఇల్లు, నా గొంతు…

సరే, విను. ఒక అమ్మాయి, ఒక పెద్దాయన. ఆ అమ్మాయి చేతిలో పలకంత ఫోను. తలుపు తీసింది ఎవరనుకున్నావు? అమ్మ… అవును, అమ్మే! ఎండన పడి వచ్చారని కూర్చోబెట్టింది. ఫ్యానేసింది. మంచినీళ్ళిచ్చింది. ఆ పిల్ల నీళ్ళు తాగి, 'థాంక్స్ మామ్మగారూ, మీ పెరట్లో సమాధి ఎక్కడుందండీ, ఫొటో తీసుకుని వెళ్ళిపోతాం' అంది…

నవ్వుతున్నావా?… నవ్వలేదూ? నవ్వినట్టే వినిపించింది. నవ్వావంటే మాత్రం అక్కడికొచ్చి కొడతా.

నేను బట్టలారేస్తున్నదాన్ని, తడి దుప్పటి చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చా. ఆ పిల్ల ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. మా ఇల్లు, మా పెరడు, పైనుంచి తీసిన ఫొటో. పెరటి మధ్యలో ఎర్రచుక్క. పక్కన అమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. ముందు 'కీర్తిశేషులు' అని కూడా తగిలించావు. మర్యాదకేం లోటు చెయ్యలేదులే!

ఎవరూ రారనుకున్నావు… ఆ, తెలుసు, పర్మిషన్లు ఈమధ్య చకచకా ఇచ్చేస్తున్నారని, ఏళ్ళు పట్టేవి నెలల్లో వచ్చేస్తున్నాయని నువ్వేగా కాలరెగరేసి చెప్పావు. మరి ఆ అమ్మాయి ఏమంటోందో తెలుసా? పక్క ప్రాంతం గ్యాస్ కంపెనీ వాళ్ళు కూడా ఈ లైన్లో వాటాకొచ్చారంట. గొట్టం వంగినచోటల్లా ఖర్చెక్కువ కదా, ఎందుకు వంచారో కళ్ళతో చూసి రమ్మని పంపించారంట…

నిన్నే తెలిసిందా నీకు? నిన్న తెలిసి ఇవాళ చేస్తున్నావా ఫోను?

ఏంటీ?… ఎవర్ని పంపించావు?… మేస్త్రీనా!

ఓరి దేవుడా. ఆ ఇటుకలు నువ్వు పంపినవా! తెల్లారీ తెల్లారకుండా వచ్చి దింపాడు. బట్టలుతుక్కునే గట్టు కట్టించమని మీ బావని ఎన్నాళ్ళుగానో పోరుతున్నా, పోనీ ఇన్నాళ్ళకి కనికరించాడనుకున్నా. అతనికి వేడివేడిగా టీ కూడా ఇచ్చా. తాగి, గ్లాసు కింద పెట్టి, 'తల ఎటు వైపు పెట్టమంటారమ్మా' అన్నాడు. గట్టుకి తలేంటయ్యా అని నేనూ, అదేంటమ్మా అలా అంటారని అతనూ!… సిమెంటు తెస్తానని పోయాడు. రానీ. ఆ ఇటుకలన్నీ నీ ఇంటికి పంపిస్తా. నువ్వే కట్టుకో, నీకు నచ్చిన వైపు తల పెట్టుకుని.

నా కోసమా?

మళ్ళీ అను… నా కోసం చేశావా!

గొట్టానికి పాత దారి మా పెరట్లోంచే కదా. గొట్టం మీద కప్పు వెయ్యకూడదు, గోడ కట్టకూడదు, గునపం దించకూడదు. బావకి వడ్రంగం షెడ్డు కల కలగానే మిగిలిపోతుందని నీకు దిగులు… సమాధి ఉందంటే గొట్టం పక్కకి తిప్పుతారని నీ తెలివి… నేనడిగానా?… ఏడ్చాను, కాదనను. ఏదైనా కష్టమొస్తే తోడబుట్టినవాడి దగ్గర కాక ఎవరి దగ్గరేడుస్తాం? ఏడిస్తే కాసేపు విని ఫోను పెట్టెయ్యాలి. వెళ్ళి అమ్మని పాతిపెట్టి రమ్మన్నానా?

ఖాళీ జాగాలోకి తిప్పావా? ఎవరు చెప్పారు అది ఖాళీ అని? మిషనామె షెడ్డురా అది!

మా పక్కింటి మిషనామె. బట్టలు కుడుతుంది. పోయినేడు నీ కూతురికి గౌను కుట్టి, మేనత్త ఇంటికొచ్చిన పిల్ల దగ్గర డబ్బులేంటండీ అంది చూడు, ఆవిడ. ఆ రేకుల కింద మిషన్లు పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతోంది…

పైనుంచి చూస్తే రేకులని తెలియలేదా? ఒరేయ్, అప్పుడు గౌను కొలతలకి నువ్వే తీసుకెళ్ళావు పిల్లని ఆ షెడ్లోకి. ముక్కాలిపీట మీద కూర్చుని, తల పైకెత్తి, ఎండాకాలం మాడిపోతారేమో ఇందులో అన్నావు. నా ముందే అన్నావు…

ఆ. గుర్తొచ్చిందా?

పరిహారం! పరిహారం ఇస్తే ఆవిడ షెడ్డు ఆకాశంలో వేసుకుంటుందా? ఉన్నదే ఆ జాగా. గొట్టం మా పెరట్లోంచి పోతే మీ బావకి లేని షెడ్డు లేకుండా పోతుంది. అంతే. ఇన్నాళ్ళూ వరండాలో కోశాడు చెక్క, ఇంక ముందూ వరండాలోనే కోస్తాడు, నేను రంపపు పొట్టు ఊడుస్తూనే ఉంటా. అటు నుంచి పోతే ఆవిడకి ఉన్న షెడ్డు పోతుంది. ఈ తేడా తెలియకుండా ఎలా ఇచ్చార్రా నీకా ఉద్యోగం?

నిన్న ఏం జరిగిందో తెలుసా?… తెలియదు, నీకెలా తెలుస్తుంది! షెడ్డు విప్పెయ్యమని నోటీసు వచ్చిందని ఏడ్చుకుంటూ మా ఇంటికే వచ్చింది. మా వంటింట్లో నేల మీద చతికిలబడింది. 'అక్కా, ఎవడక్కా ఆ గీత గీసింది, వాడి చేతులు పడిపోను' అంది. నేను పక్కన కూర్చుని, ఆవిడ వీపు నిమురుతూ, 'పడిపోవాలమ్మా, పడిపోవాలి' అన్నా…

నిన్నురా! నిన్నే తిట్టాను నేను! ఆ చేతులు పట్టుకుని బడికి తీసుకెళ్ళినదాన్ని, రోడ్డు దాటించినదాన్ని, నా నోటితో నేనే పడిపోవాలన్నాను. పొద్దున ఆ ఫోను చూసేదాకా ఆ గీత నీదని నాకు తెలియదు.

…

ఏడవకు. నువ్వేడిస్తే నా కోపం తగ్గుతుందనుకుంటున్నావేమో, ఇంకా పెరుగుతోంది.

ఉద్యోగం పోతుంది… తెలుసు… కేసు కూడా పెడతారా?… పెడితే పెడతారు. ఏమో, పెట్టరేమో. నాకేం తెలుసు! ఇవన్నీ ఎర్రచుక్క పెట్టేముందు ఆలోచించాల్సినవి.

వాళ్ళకేం చెప్పానా?

…అదే చెప్పబోతున్నా. తొందరపెట్టకు.

ఏమీ చెప్పలేదు. ఆ సంగతి తెలిసినాయన ఇంట్లో లేరు, మధ్యాహ్నం రండి అన్నా. అంతలో ఆ పెద్దాయన అమ్మని చూసి, 'ఈవిడెవరండీ' అన్నాడు. నీ మొహం కళ్ళ ముందు కనపడింది. మా… మా అత్తగారు అనేశా.

అవును, అనేశా! అమ్మ ముందే అన్నా. నీళ్ళ చెంబు పట్టుకుని అక్కడే నించుంది. నా వంక ఒక చూపు చూసింది. నన్ను ఇంతవరకు ఎప్పుడూ అలా చూడలేదు ఆవిడ. నీ బుర్రలో పుట్టిన పాడుపనికి నా నోరు కూడా పాడైంది, చాలా?

హమ్మయ్యా ఏంట్రా, హమ్మయ్యా! మంచిపనేం చేశాను నేను?

అమ్మకివ్వనా? ఫోను అమ్మకివ్వమంటావా?… ఇవ్వను. ఇవ్వలేను.

ఎందుకంటే ఆవిడ రాదు కాబట్టి.

వాళ్ళటు వెళ్ళగానే అడిగింది. ఏం జరుగుతోందే, నేనేం చేశాను, అని. చెప్పేశా. అంతా చెప్పా. తిడుతుందనుకున్నా. గోల చేస్తుందనుకున్నా. 'వాడి ఉద్యోగం పోతుందా' అని ఒక్క మాట అడిగింది. పోవచ్చు అన్నా. లేచి వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

అలిగి కాదు! అలిగితే బాగుండును. దాక్కుంది.

వాళ్ళు మళ్ళీ వస్తారు కదా, తన మొహం కనపడకూడదని. ఫ్యాను కూడా ఆపేసుకుంది, చప్పుడు బయటికి వినపడుతుందేమోనని. కిటికీ మూసుకుంది. ఆ గదికి గాలేది? ఎండ నడినెత్తి మీదికొచ్చింది. అమ్మా అమ్మా అని తలుపు కొట్టా, అన్నానికి రమ్మన్నా. పలకట్లేదు. మాత్ర వేసుకున్నావా అన్నా. పలకట్లేదురా. దగ్గొస్తే చీరకొంగు నోట్లో కుక్కుకుంటోంది, నాకు తెలుస్తోంది. నువ్వు చచ్చిపోయిందని రాశావు, ఆవిడ లోపల కూర్చుని అది నిజం చేస్తోంది…

ఏమన్నావు?

…ఆవిడే ఒప్పుకుంది కదా, అంటావా!

ఒరేయ్. ఆవిడ ఒప్పుకోకేం చేస్తుంది? నువ్వడిగితే కాగితం మీద కాదు, నిజంగానే పోతుందిరా అమ్మ. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. అందుకే అడక్కూడదు! నువ్వు అడగను కూడా లేదు. అడక్కుండానే తీసేసుకున్నావు.

…

ఉన్నావా?… ఉంటే చాలు. నేను చెప్పేది విను.

గేటు చప్పుడయింది. వచ్చేశారు. ఆ అమ్మాయి చెప్పులు విప్పుతోంది.

కొయ్యకు. ఇప్పుడు ఫోను కోశావంటే, ఇంక జన్మలో నీ ఫోను ఎత్తను. ఒట్టు.

నిజం వాళ్ళకి నేను చెప్పను. నేను చెబితే నిన్ను పట్టించినట్టు. నువ్వు చెబితే ఒప్పుకున్నట్టు. ఆ రెంటికీ తేడా ఉంటుంది, మీ ఆఫీసులో ఉన్నా లేకపోయినా నా దగ్గర ఉంటుంది. పెరట్లోంచి వెయ్యమను, పాత దారినే వెయ్యమను. మీ బావతో నేను మాట్లాడుకుంటా. నీకు తిండి లేకపోతే పిల్లనేసుకుని ఇక్కడికి రా. పెడతా. తిడుతూ పెడతా, కానీ పెడతా…

రండమ్మా, రండి సార్. కూర్చోండి. లేదు, పెరట్లోకి వద్దు, ముందిక్కడ కూర్చోండి.

ఇదిగో, ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద పెడుతున్నా. అవతల ఉన్నది మా తమ్ముడు. మా ఇంటి దగ్గర మీ గొట్టం వంచింది ఇతనే. పొద్దున మీకు మంచినీళ్ళిచ్చిన పెద్దావిడ ఉన్నారే, ఆవిడ మా అత్తగారు కాదు. నేను అబద్ధం చెప్పాను. ఆవిడెవరో ఇతను చెప్తాడు.

చెప్పరా.

…

మా తమ్ముడు లైన్లోనే ఉన్నాడమ్మా. చెప్తాడు. కాస్త ఆగండి.

…

ఆ… గట్టిగా చెప్పు. ఇంకొంచెం గట్టిగా. వెనక గదిలోకి వినపడాలి.

…

అమ్మా, విన్నావా? ఇంక గడియ తియ్యి.