చలి లేని ఊరి నుంచి

డిసెంబరు చివర, తైవాన్‌లోని కావోష్యుంగ్‌లో, ఒక అద్దె ఇంట్లో జపాను దంపతులు కొత్త సంవత్సరపు కార్డులు ముందేసుకుని కూర్చున్నారు. పాప పక్కనే నిద్రపోతోంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అతనికి తోచడం లేదు.

"మార్చిలో పాప పుట్టింది. మేలో కంపెనీ వాళ్ళు నన్ను తీసేశారు. సెప్టెంబరులో అక్కడ జపానులో అమ్మ పోయింది. ఇప్పుడేమో నేను నూడుల్స్ కొట్టులో వంటవాణ్ణి. ఇదంతా ఒక్క కార్డులో పడుతుందా?"

"పట్టినా రాయకూడదు కదండీ. చావు జరిగిన ఇంటి నుంచి శుభాకాంక్షలు పంపరు. ఈ ఏడు మాకు మైల అని మాత్రమే రాస్తారు."

"మరి పాప సంగతి?"

"మైల కార్డులో పురుడు కబురు రాస్తారా ఎవరైనా?"

"అంటే మనవాళ్ళ లెక్కలో పాప ఇంకా పుట్టలేదు, నేనింకా ఆ కంపెనీలో మేనేజర్నే. అంతేనా?"

"ఏమో, నాకూ అయోమయంగానే ఉంది. పోనీ, కొత్త సంవత్సరం శుభాకాంక్షల గడువు జనవరి ఏడు దాటాక చలికాలపు పలకరింపు కార్డు పంపుదాం. అందులో ఏదైనా రాయొచ్చు."

"ఫ్యాను కింద చెమటలు కక్కుకుంటూ చలి గురించి రాయమంటావా?"

"మీ అమ్మగారు చలి గురించే అడిగేవారుగా."

"ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. ఇక్కడ చలి ఉండదమ్మా అంటే నమ్మేది కాదు. స్వెట్టర్ వేసుకోరా అనేది. నేను విసుక్కునేవాణ్ణి."

ఆమె పేర్ల జాబితా తీసి అతని వైపు జరిపింది.

"మొదటి కార్డు ఎవరికండీ?"

"జాబితాలో మొదటి పేరు అమ్మదే. ఇంకా కొట్టెయ్యలేదు."

ఆమె ఒక కార్డు తీసి అతని ముందు పెట్టింది. అతను చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి రాశాడు: "అమ్మా, ఇక్కడ చలి బాగానే ఉంది. పాపకు కూడా స్వెట్టర్ వేశాం."