ఏసోబు పట్టిన మగదోమ

"నేను గొప్పలు చెప్పుకునేవాణ్ని కాదు. దోమ కనిపించింది, పట్టాను. అంతే," అన్నాడు ఏసోబు, చిలకలూరిపేట రోడ్డు పక్క రెబ్కా టీ బంకులో బల్ల మీద కూర్చుని.

గ్లాసులు కడుగుతున్న రెబ్కా నవ్వుకుంది. బాబాయి 'అంతే' అన్నాడంటే అప్పుడే మొదలని ఆమెకు తెలుసు. కానీ ఈసారి అడుగున కాస్త నిజం ఉంది. పోయినవారం పురుగుల ఆఫీసరుగారు మిరపచేను గట్టు మీది గడ్డిలో నువ్వుగింజంత దోమను భూతద్దంలో చూసి ఆశ్చర్యపోయారు. పైర్ల రసం పీల్చి గెంతే సుడిదోమ జాతే గాని, ఇంతవరకూ ఎవరూ పుస్తకాలకెక్కించని రకమట. "ఇది ఆడది. మగదాన్ని చూస్తే గాని తేల్చలేం. పట్టిపెట్టావంటే దీనికి నీ పేరే పెడతాను," అన్నారు. ఏసోబుకు పిల్లల్లేరు. తన తర్వాత కూడా తన పేరు ఎవరో ఒకరి నోట ఉంటుందన్న ఆశతో గట్లన్నీ గాలించాడు. ఆయన చెప్పిన గుర్తులున్న మగది నిన్న దొరికింది. ఆయన ఇప్పుడొచ్చే బస్సుకే వస్తున్నారు.

"నువ్వుగింజంత దోమే గదరా, పట్టడమేముంది?" అన్నాడు ఎదురుగా టీ తాగుతున్న దానయ్య.

"కూర్చుంటే నువ్వుగింజ! దూకితే చూడాలి. నేనిట్లా చెయ్యి చాపానా, గట్టు మీంచి జిన్నింగు మిల్లు పొగగొట్టం మీదికి దూకింది. ఊరుకుంటానా, నేనూ ఎక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కణ్ణించి పత్తి లారీ మీదికి! దాని బరువుకి లారీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి!" మొలలోంచి డబ్బీ తీసి చిటికెడు నస్యం పీల్చాడు.

"డ్రైవరేమన్నాడు?"

"ఏమంటాడు, దణ్ణం పెట్టాడు. నేను దాని వెనక కాలు పట్టుకున్నా. నన్నెత్తుకుని ఒక్క దూకు దూకింది చూడు, వాడరేవులో పడ్డాం!" ఈసారి పెద్ద చిటికె పీల్చి, బల్ల అదిరేట్టు తుమ్మాడు. "ఆఁ, ఎక్కడున్నాం? వాడరేవులో. దాన్ని చూసి ఒడ్డున ఎండేసిన చేపలన్నీ లేచి సముద్రంలోకి పరిగెత్తాయి. కొత్తపట్నం దాకా పడవలన్నీ ఊగిపోయాయి."

"మరి దాన్నెట్లా తీసుకొచ్చావు బాబాయ్?" అంది రెబ్కా.

"బతిమాలానే. 'నీకు నా పేరు పెడతారంట, రారా' అన్నాను. మగది గదా, పేరనేసరికి మెత్తబడి వెంట వచ్చింది."

బస్సొచ్చి ఆగింది. ఆఫీసరుగారు సంచీ సర్దుకుంటూ దిగుతున్నారు.

"మరి దేంట్లో పెట్టావు?" అన్నాడు దానయ్య.

"ఈ డబ్బీలోనే. నస్యం ఘాటుకి చీమ కూడా దగ్గరికి..."

మూత తీశాడు. వేలితో కలియబెట్టాడు. నస్యమే ఉంది. దానయ్య కూడా నవ్వలేదు.

రెబ్కా డబ్బీ వంక చూసింది, బాబాయి ముక్కు వంక చూసింది.

"ఇందాక వాడరేవు దగ్గర తుమ్మావు చూడు బాబాయ్," అంది నెమ్మదిగా, "అది నిజంగా దూకింది ఆ ఒక్కసారే."