విజిల్ మీద ఏలు పెట్టిన ఓదెలు

మైత్రీవనం ఎనుక గల్లీల గులాం మొహియుద్దీన్ చాయ్ దుకాణం ముందట ఒక పొడుగు బల్ల ఉంటది. ఆ బల్లకు గోడ దిక్కు కొస ఓదెలుది. ఎవరూ రాసియ్యలేదు గని, అక్కడ ఇంకొకరు కూసుంటే మొహియుద్దీనే లేపుతడు. ఓదెలుకు అరవై రెండేండ్లు. లిఫ్టు మెకానిక్‌గా పనిచేసి రిటైరైండు. అమీర్‌పేట, పంజాగుట్టల ఆయన చెయ్యి పడని లిఫ్టు లేదంటరు. అనేది ఎక్కువ ఆయనే.

ఆ సాయంత్రం బల్ల మీద ఆయన పక్కకు విజయేందర్ కూసున్నడు. పక్క కాంప్లెక్సుల సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్లగాడు, ముప్పై నాలుగేండ్లు ఉంటయి. చాయ్ చేతుల పట్టుకొని తాగుడు మర్చిపోయిండు.

"ఏమైంది బిడ్డా? చాయ్ మీద మీగడ కట్టింది సూడు," అన్నడు ఓదెలు.

"మా బిడ్డ సుమశ్రీ తోని పరేశాన్ అయితుంది కాకా. ఆరేండ్లొచ్చినయ్. కుక్కర్ విజిల్ ఏస్తే చాలు, చెవులు మూస్కొని ఉరుకుతది. మొదట్ల మంచం కిందికి ఉరుకుతుండె. నిన్న తలుపు తీసి ఉన్నది, మూడంతస్తులు దిగి సీదా రోడ్డు మీదికే పోయింది. ఆటోవాలా బ్రేక్ కొట్టకపోతే..."

మొహియుద్దీన్ గరిటె ఆపిండు. ఎదురుంగ స్టూలు మీద కూసున్న హనుమత్ప్రసాద్ కూడా ఫోను పక్కకు పెట్టిండు. ఆయన కోచింగ్ సెంటర్ల కంప్యూటర్ పాఠాలు చెప్తడు. ఒంగోలు నుంచి వచ్చి పదేండ్లయినా మాట మారలేదు.

"అయ్యో, పాపకేం కాలేదు కదండీ?"

"ఏం కాలే సార్. గని నాకే నిన్నటి సంది నిద్ర లేదు."

గిసొంటి మాట ఇన్నంక ఓదెలు ఊకోవాలె. నిజానికి ఆయన ఊకుందామనే అనుకున్నడు. గని బల్ల మీద అందరూ చప్పుడు చెయ్యకుండ కూసుంటే ఆయనకు ఊపిరాడదు. పిల్లగాని మొఖం సూస్తే జర నవ్వియ్యాలనిపించింది. నవ్వియ్యనీకె ఆయన దగ్గర ఉన్నది ఒకటే సామాను.

"కుక్కర్‌కు బయమా? అరె, నేను ఏడేండ్లప్పుడు గా విజిల్‌ను ఏలు పెట్టి ఆపిన."

"మొదలైంది," అన్నడు మొహియుద్దీన్, గ్లాసులు కడుక్కుంట.

"ఇను భాయ్. మా నాయిన పంజాగుట్టల ఒక పెద్ద ఆఫీసర్ ఇంట్ల వంట చేస్తుండె. ఆ దొరసాని కొత్త కుక్కర్ కొనుక్కొని పాతది మా నాయినకిచ్చింది. మా బస్తీల కుక్కర్ అంటే ఎవరికీ తెల్వదు. పొయ్యి మీద పెట్టంగనే సుయ్య్‌మని ఒక్క విజిల్ ఏసింది సూడు, ఆడోళ్లు పిల్లల్ని సంకనేస్కొని ఉరికిన్రు, మా మేనత్త సగం అల్లిన జడతోని ఉరికింది, కుక్కలు సుత బస్తీ ఖాళీ చేసినయ్. నేనొక్కన్నే నిలబడ్డ. ఇది గింత లొల్లి చేస్తదా అని పోయి సూపుడు ఏలు పెట్టి అదిమిన. గప్‌చుప్."

"కాలలేదాండీ?"

"కాలిందో లేదో సూసుకునే టైమ్ ఎక్కడిది సార్? గంటసేపు అట్లనే పట్టిన. ఆవిరి బయటికి పోయే తొవ్వ లేక గోడలల్ల నుంచి వచ్చుడు మొదలైంది. పక్కింటోళ్ల దండెం మీద బట్టలున్నయా, ఆ ఆవిరికి అన్నీ ఇస్త్రీ అయినయ్. మడతలు సుత వాటంతటవే పడ్డయ్. వాళ్లు ఇప్పటికీ నాకు మొక్కుతరు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"చెప్పకుండ ఆగుతవా?" అన్నడు మొహియుద్దీన్.

"ఏలు గుంజుకున్న. గుంజుకుంటే గంటసేపటి విజిల్ ఒక్కసారి వచ్చె. ఖైరతాబాద్ స్టేషన్ల రైలు ఆగి ఉన్నది. గార్డు విజిల్ ఊదిండనుకొని డ్రైవర్ బండి కదిలిచ్చిండు. సగం మంది ప్లాట్‌ఫారం మీదనే. గార్డు సుత ప్లాట్‌ఫారం మీదనే! పాపం, సమోస తింటుండె. పచ్చజెండ పట్టుకొని మా ఇల్లు దేవులాడుకుంట వచ్చిండు."

హనుమత్ప్రసాద్ నవ్వుతుండు. విజయేందర్ మాత్రం నవ్వలే. కండ్లార్పకుండ ఓదెలు మొఖమే సూస్తుండు. ఇంకా జర పెద్దది పడాలె, అనుకున్నడు ఓదెలు.

"అప్పటికి మూతకు మస్తు కోపమొచ్చింది. లేచింది. నేను పిడి ఇడిసిపెడ్తనా? మూతతోని నేను సుత లేచిన. రేకులు చీల్చుకొని పైకి పోతే పంజాగుట్ట చౌరస్తా కింద చాయ్ సాసర్ లెక్క కనవడ్తుంది. హుస్సేన్ సాగర్ అయితే పళ్లెంల పోసిన చారు. ఖైరతాబాద్ గణపయ్య తయారైతుండు, కట్టెల మంచె మీద పనోళ్లు నన్ను సూసి, 'అరె ఓదెలూ, మీదికెళ్లి సూసి చెప్పు, కిరీటం వంకర పోయిందా?' అన్నరు. 'జర ఎడమకు గుంజున్రి' అని చెప్పి బల్కంపేట మీదికెళ్లి తిరిగిన."

"పంజాగుట్టలో ఇల్లు పెట్టుకుని బల్కంపేట మీదుగా ఎందుకండీ?"

"చౌరస్తా కాడ రైట్ టర్న్ లేదు గద సార్."

"అప్పట్లో సిగ్నలే లేదేమో కదండీ!"

"సిగ్నల్ లేకుంటేంది? నాకొక పద్ధతి ఉన్నది. ఇగ అట్ల తిరిగొచ్చి, ఏ రేకుల సందుల నుంచి పోయిన్నో అండ్లనుంచే దిగి, మూత మళ్ల కుక్కర్ మీద సక్కగ కూసోవెట్టిన. తెరిచి సూస్తే పప్పు, ఆహా, వెన్న లెక్క ఉడికింది. మా నాయిన నా ఈపు తట్టి, 'బిడ్డా, బయమంటే గంతే. ముందట నిలబడ్తే ఒక్కదినంల పోతది' అన్నడు."

చివరి ముక్క ఎందుకు కలిపిండో ఓదెలుకే తెల్వదు. కథకు ముగింపు కావాలె గద, అనుకున్నడు.

విజయేందర్ చాయ్ గ్లాసు కింద పెట్టిండు. జేబులకెళ్లి ఫోను తీసిండు.

"సంగీతా, కుక్కర్ ఎక్కించు. అవును, పప్పు పెట్టు. తలుపుకు గడె పెట్టు. నేనొస్తున్న. ఇయ్యాల సుమను కుక్కర్ ముందట నేను పట్టుకొని నిలబెడ్త. ఏడ్సని. ఒక్కదినం ఏడిస్తే పోతది." ఫోను పెట్టేసి ఓదెలు దిక్కు తిరిగిండు. "గాలిల లేసుడు సంగతి నాకెర్కే కాకా, కోతలే. గని మీ నాయిన చెప్పిన మాట మాత్రం నిజం."

ఓదెలుకు రెండు బుజాల మీద ఎవరో బరువుగ చేతులేసినట్లయింది. వద్దు బిడ్డా అనాలె. ఎందుకు వద్దంటే ఏం చెప్పాలె? ముప్పై ఏండ్ల సంది గీ బల్ల మీద కూసొని చెప్పినవన్నీ ఒక్క మాటతోని కూలిపోతయ్. విజయేందర్ లేచి చెప్పులేసుకుంటుండు.

గప్పుడే ఓదెలు ఫోను మోగింది. అది పొయ్యి పక్కకు చార్జింగ్‌ల ఉన్నది. మొహియుద్దీన్ తడి ఏలుతోని ఒత్తిండు, ఏడ ఒత్తిండో, స్పీకర్ ఆన్ అయింది. ఓదెలు భార్య సత్తెమ్మ గొంతు గల్లీ అంత ఇనవడ్డది.

"ఇంటున్నవా? మూడు విజిల్లొచ్చినయ్. కుక్కర్ దించిన. ఆవిరి సుత పోయింది, మూత తీసిన. ఇగ బయం లేదు, ఇంట్లకు రా."

ఫోను బందైంది. మొహియుద్దీన్ చేతులు తుడుసుకొని బల్ల కాడికొచ్చి, కోపం లేకుండ, నెమ్మదిగ అడిగిండు.

"ఓదెలు భాయ్, గంటసేపు విజిల్‌ను ఏలుతోని ఆపినోనివి. మరి రోజూ భాభీ పొయ్యి అంటిచ్చే టైముకు నా దుకాణంల ఎందుకు దాక్కుంటున్నవ్?"

హనుమత్ప్రసాద్‌కు నవ్వు ఆగలే. ఓదెలు సుత నవ్వబోయిండు గని రాలే. విజయేందర్ చెయ్యి పట్టి బల్ల మీద కూసోవెట్టిండు.

"కుక్కర్ వచ్చిన మాట నిజం. ఏలు పెట్టిన మాట అబద్ధం. బస్తీల అందరికంటె ముందు ఉరికింది నేనే. మా నాయిన మంచోడే బిడ్డా, నాకు ధైర్యం నేర్పాలనుకున్నడు. రెండు బుజాలు పట్టి దాని ముందట నిలబెట్టిండు. కండ్లు మూస్తే తెరువమన్నడు. నాలుగు విజిల్ల దాక ఏడ్సిన. ఐదో దానికి లాగు తడిసింది. పన్నెండంతస్తుల మీద లిఫ్టు తాళ్లకు వేలాడుకుంట పనిచేసిన, గుండె జర్ర సుత అదరలే. గని గా సుయ్య్‌మనుడు ఇంటే నేను ఇప్పటికీ గా లాగులనే ఉంట."

విజయేందర్ ఆయన మొఖం సూసిండు. తర్వాత తొందరతొందరగ నంబర్ కలిపిండు.

"సంగీతా, స్టవ్ బంద్ చెయ్. ఇప్పుడే బంద్ చెయ్. విజిల్ రాలే కదా? మంచిది. ఫోను సుమకియ్యి... సుమా, నాన్నను. ఏం లేదు బిడ్డా. ఊకెనే చేసిన." ఫోను పెట్టేసినంక అడిగిండు, "మరేం చెయ్యాలె కాకా?"

"నాకెర్కలేదు," అన్నడు ఓదెలు. ఆయన నోట ఆ మాట ఇనుడు మొహియుద్దీన్‌కు అదే మొదలు. "ఎర్కుంటే నేనెందుకిట్లుంట? ఒక పని చెయ్. రేపు పప్పు పెట్టే టైముకు పిల్లను ఇక్కడికి తీస్కరా. రోడ్డు మీదికి ఉరుకుడైతే ఉండదు."

తెల్లారి సాయంత్రం సుమశ్రీ తండ్రి ఏలు పట్టుకొని వచ్చింది. రెండు జడలు, ముందటి పన్ను ఒకటి ఊడింది. మొహియుద్దీన్ ఉస్మానియా బిస్కెట్ ఇస్తే తీస్కుంది గని తినలే. ఓదెలు తన కొసకెళ్లి జరిగి, గోడ దిక్కు జాగ ఆమెకిచ్చిండు. పిల్ల ఆయన మొఖం దిక్కు శానసేపు సూసింది.

"తాతా, నీకు సుత కుక్కర్ బయమంట కదా?"

బల్ల మీదున్నోళ్లందరూ ఇంటున్నరు. హనుమత్ప్రసాద్ స్టూలు దగ్గరికి జరుపుకున్నడు.

"అవ్ బిడ్డా."

"ఎంత బయం?"

ఓదెలు రెండు చేతులు బార్లా చాపి సూపిచ్చిండు. "గింత."

పిల్ల ఆ చేతులను ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచినట్లు సూసింది. బిస్కెట్ ఒక ముక్క కొరికింది.

"గంతేనా? నాదైతే మెట్రో స్టేషనంత. మూడు స్టేషన్లు. మా కుక్కర్ ఏస్తే మెట్రో డ్రైవర్ సుత దిగి ఉరుకుతడు తెల్సా? మా ఇంటి మీదికెళ్లి పోయే విమానం ఎనక్కి తిరిగి పోయింది. నేనే సూసిన."

"తర్వాత ఏమైందమ్మా?" అన్నడు హనుమత్ప్రసాద్.

"ఆగు అంకుల్, చెప్తున్న కదా," అన్నది సుమశ్రీ, కాళ్లు ఊపుకుంట. ఓదెలు తన చాయ్ పక్కకు పెట్టి, చెంపకు చెయ్యి ఆనిచ్చి ఇనవట్టిండు.