వదిన తెచ్చిన చొక్కా

కత్తెర నా చేతికివ్వొద్దని ఈ టైలరు కొట్టు ఓనరు గారికి మీరైనా ఒక మాట చెప్పాల్సింది సిస్టర్. ఇన్నాళ్ళూ గుండీలు కుట్టుకుంటూ, కాజాలు వేసుకుంటూ నా మానాన నేనున్నానా లేదా? ఆసుపత్రి నుంచి నన్ను తీసుకొచ్చేదీ మీరే, గుమ్మం బయట ఈ బల్ల మీద కూర్చుని కనిపెట్టుకుని ఉండేదీ మీరే. చూస్తూనే ఉన్నారుగా.

అబ్బే, ఆయన్ని తప్పుపట్టట్లేదు. మంచి మనసుతోనే ఇచ్చాడు పాపం. "కటింగ్ మాస్టరువి, ఎన్నాళ్ళని గుండీలు కుడతావయ్యా" అన్నాడు.

ఇందాక గొడుగేసుకుని ఒకావిడ లోపలికెళ్ళిందే, ఆవిడే మా వదిన. లేదు లేదు, నేను కబురు పెట్టలేదు. ఆవిడ జోలికి వెళ్ళకూడదన్నారు, వెళ్ళలేదు. తనే వచ్చింది.

సంచిలోంచి అన్నయ్య చొక్కా తీసింది. కాలరు చూడగానే పోల్చుకున్నాను, నేను కుట్టిందే. "నాకు సరిపోయేట్టు చెయ్యి, చీర మీద పనికి వేసుకెళ్తాను" అంది. బాగున్నావా అనలేదు. ఎందుకంటుంది లెండి?

కొలతలు తియ్యాలి కదా. టేపు పట్టుకుని నేను ఒక అడుగు వేశానో లేదో, ఆవిడ గోడకి ఆనుకుపోయింది. ఓనరు గారి భార్యని పిలిచి, ఆవిడ చేత తీయించాను.

తర్వాత కత్తెర పట్టుకున్నాను. ఆ పని అన్నయ్య నేర్పిందే. "గుడ్డని బెదరగొట్టకురా, నిదానంగా పో" అనేవాడు. అలాంటి మనిషి నా తిండిలో విషం కలుపుతున్నాడని నమ్మాను సిస్టర్. నమ్మి, మా కొట్లో కత్తెరతోనే... మీకు తెలిసిందేగా.

సగం కోశానో లేదో, వదిన మాట్లాడింది. "అది రోగం చేసిన పనేనని డాక్టర్లన్నారు, కోర్టూ అంది. నేనూ నమ్ముతున్నాను. నీ ముందు నిలబడగలనేమో చూద్దామని వచ్చాను. నావల్ల కావట్లేదు."

అంతే. గొడుగు కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది, వానలోనే.

చొక్కా లోపల కటింగ్ బల్ల మీదే ఉంది. ఇప్పుడది అన్నయ్య కొలతా కాదు, వదిన కొలతా కాదు.

నాకు నయమైందంటారు మీరంతా. అయింది, కాదనను. రోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చంపింది శత్రువుని. పోయింది మా అన్నయ్యే అని నయమయ్యాకే కదా తెలిసింది?

ఒక మాట చెప్తాను, కోప్పడకండి. పొద్దున మాత్ర మింగలేదు. నాలుక కింద దాచి, మీరటు తిరగ్గానే తీసేశాను. ఇదిగో, జేబులోనే ఉంది.

ఎందుకంటే ఏం చెప్పను. రోగంలో ఉన్నప్పుడు గోడ అవతల నుంచి అన్నయ్య గొంతు వినపడేది, నన్ను తిడుతూ. మాత్ర మానేస్తే ఇంకొక్కసారి వినపడుతుందేమోనని. తిట్టినా సరే, ఆయన గొంతేగా.

ఇది నలిగి పొడైపోయింది. ఇంకోటుంటే ఇవ్వండి, మీ ఎదురుగానే మింగుతాను. ఆ గొంతు వినపడకుండా బతకడమే నయమవడమంటే, సరే, అలాగే కానివ్వండి.