కండ్లు మూయని ప్రార్థన

"అవ్వా, ప్రార్థనల అందరు కండ్లు మూస్కుంటరు గద, నువ్వొక్కదానివి ఎందుకు మూస్కోవు?"

ఎవరు అడగమన్నరే నిన్ను? లే, ముందు అది చెప్పు. పుట్టినకాడికెల్లి చూస్తున్నవు నన్ను, ఒక్కనాడన్న అడిగినవా? ఇయ్యాల యాదికొచ్చిందా? చాయల చక్కెర గూడ జర ఎక్కువేసినవు, తాగంగనే అనుకున్న, ఇదేందో పని మీద వచ్చింది అని. మన చర్చికొచ్చిన కొత్త అయ్యగారేనా? అగో, తల దించినవు. నాకు తెల్సు. పిల్లలు నన్ను చూసి చెడిపోతరంటనా? మంచిది. మరి ఆయన కండ్లు మూస్కొని ప్రార్థన చేస్తే నావి తెరిసి ఉన్నయని ఆయనకెట్ల కనపడెనో అది అడుగు పోయి.

ఆ ఫోను బోర్లేసినవేంది? రికార్డా? పెట్టుకో, నాకేం భయం. కని ఆయనకు వినిపిస్తే మొత్తం వినిపియ్యి, నడుమల కోసి వినిపియ్యకు. నీ మీద గాదు, ఫోన్ల మీద నాకు నమ్మకం లేదు.

నేను పుట్టుకతోనే అనుమానపు మనిషిని బిడ్డా. మానవపాడుల మా అమ్మ అంటుండె, ఇది పాలు తాగేటప్పుడు గూడ ఒక కన్ను తెరిసే తాగింది అని. అంగడికి పోతే తక్కెడ చూస్త, ఆటో ఎక్కితే వాడు ఏ తోవల పోతుండో చూస్త. ఇప్పుడు ఈ నాగర్‌కర్నూల్ల మీ అమ్మ ఇంట్ల ఉన్నా గంతే, పాలోడు పోసినంక గిన్నె వంచి చూడనిదే పొయ్యి మీద పెట్టనియ్య. నవ్వుకో.

మీ తాత గట్ల గాదు. నన్ను పెండ్లి చేసుకొని కోడేరుకు తీస్కపోయిననాటికే ఆయన ఉపదేశి. ఉపదేశి అంటే ఇప్పటోళ్లకు తెల్వదు, అయ్యగారు రాని ఊర్లల్ల తిరిగి వాక్యం చెప్పెటోడు. ఊర్లయితె ఊర్లు, ఆయనకు అడవి పిచ్చి. నల్లమలల చెంచోళ్ల దిక్కు ఎవరు పోతలేరు, మనం పోదాం అనె. పోదాం అంటె ఏముంది, అచ్చంపేట దాంక బస్సు, టికెట్టు ఎంతుండె... రెండ్రూపాలో, ఇంకా తక్కువనో, మీ తాతుంటే చెప్తుండె. ఆడికెల్లి అడవి అంచు దాంక లారీనో బండో. తర్వాత కాళ్లే. ఇప్పుడంటే పులుల అడవి అని గేట్లు పెట్టిండ్రు, చీటీ లేంది పోనియ్యరు. అప్పుడు ఎవడడుగుతడు. ఒక సంచిల బియ్యం, చలిజరం గోలీలు, పుండ్లకేసే మందు, ఒక రేకు పెట్టెల పుస్తకాలు. గంతే సామాన్.

చెంచోళ్లుండే గూడేన్ని పెంట అంటరు. మేం పెంటకు పోంగనే పిల్లలు చెట్ల ఎనకకు ఉరుకుతుండిరి. ఆడోళ్లు గుడిసెలకు పోయి సందులకెల్లి చూస్తుండిరి. వాళ్లకు మా మీద అనుమానం, నాకు వాళ్ల మీద అనుమానం. మీ తాత ఒక్కడే ఎవరిని అనుమానించకుండె. తోవల పాము అడ్డమొస్తే గూడ, దాని పని మీద అది పోతుంది తియ్యి, అనెటోడు. గట్లాంటోనితోని కాపురం చెయ్యాల్నంటే ఇంట్ల ఒక్కరన్న అనుమానపోళ్లు ఉండాలె గద.

ఆ పెంటలల్లకు మమ్మల్ని తీస్కపోయెటోడు ఈదన్న. చెంచాయనే. సన్నగ, నల్లగ, నవ్వుడు తక్కువ. భుజం మీద గొడ్డలి. మా పెట్టె ఆయన నెత్తిన, బియ్యం సంచి మీ తాత నెత్తిన. నేను నడుమల. వాక్యం మంచిగ వింటుండె, పాటలు నాలుగు దినాలకే నోటికొచ్చినయి. బాప్తీస్మం తీస్కుంట అని ఆయనే అడిగిండు. మీ తాత ఖుషీ. నాకు మాత్రం అనుమానం. ఎందుకు అడుగుతుండు? బియ్యానికా? గోలీలకా?

కనిపెట్టుకుంట ఉంటి. మూడు చూసిన.

ఒకటేందంటే, నడ్సుకుంట నడ్సుకుంట, అమ్మా పాట పాడు, గట్టిగ పాడు, అంటుండె. గొంతు పోయినా ఇడ్సకుండె. నేనేమనుకున్న? మేం యాడున్నమో ఎవరికో తెలవాల్నని పాడిపిస్తుండు, వీనికి దొంగలతోని సోపతి ఉంది అనుకున్న. మల్ల ఒక్కొక్కతాన ఆగి, పిడికెడు దుమ్ము తీసి గాలిలకు ఇడుస్తుండె. ఇదేదో మంత్రం, బయటికి యేసయ్య, లోపట చేతబడి అనుకున్న. అవి రెండు పోనీ అంటే, అసలుది ప్రార్థన. మీ తాత, ప్రార్థన చేద్దాం, అనంగనే మేం మోకాళ్లేస్తుంటిమి. ఈదన్న నిలబడే ఉంటుండె. కండ్లు తెరిసి, గొడ్డలి చేతుల పట్టుకొని, మాకు వీపు పెట్టి పొదల దిక్కు చూస్కుంట. దేవునికి వీపు పెడ్తుండు చూడు, అనుకున్న.

నాకెట్ల తెల్సంటవా? నేను గూడ ఒక కన్ను తెరిసే ఉంటి గద! సంచి మీద ఉంటుండె నా కన్ను. రెండు కండ్లు మూస్తే సంచేడ పోతదో అని. నవ్వకు, ఆ గోలీలు ఆ అడవిల ఎట్ల దొరుకుతయి?

బాప్తీస్మాల దినం దగ్గరికొచ్చినంక సంఘపెద్దలు కూసుండి ఒక్కొక్కరి పేరు చదివిండ్రు. ఈదన్న పేరు రాంగనే నేను లేసిన. ఆడోళ్లు మాట్లాడకుండిరి అప్పట్ల, నేను మాట్లాడిన. వీడు ప్రార్థనల కండ్లు మూయడు, దేవునికి వీపు పెడ్తడు, వీనికి విశ్వాసం లేదు, అని చెప్పిన. పెద్దలు, వచ్చే ఏడు చూద్దాం తియ్యి, అని పేరు కొట్టేసిండ్రు. బయట గోడకు ఆనుకొని ఈదన్న కూసుండె. అంతా విన్నడు. నేను బయటికి రాంగనే, "సరే అమ్మా" అన్నడు. గంతే. తెల్లారి మల్ల మా పెట్టె నెత్తికెత్తుకున్నడు. అదో అనుమానం నాకు. మాట పడినోడు ఉత్తగ పెట్టె మోస్తడా? వీడేదో మనసుల పెట్టుకున్నడు అని ఇంకింత జాగ్రత్తగ ఉంటి.

ఎండకాలం ముంగట, ఇప్పపువ్వు రాలే దినాలు. పొద్దుపొద్దుగల్ల ఒక పెంటకు పోతున్నం. తోవల పెద్ద ఇప్పచెట్టు. కింద నేలంతా పువ్వు పరిసినట్లుండె, ఆ వాసన, అబ్బ, తీయగ, తల తిప్పేటట్లు. మీ తాత, ఈడ ఆగి ప్రార్థన చేద్దాం, మెత్తగుంది, అనె. ఈదన్న, ఈడొద్దు, అన్నడు. ఎందుకొద్దు అని నేనడిగిన, గట్టిగనే అడిగిన. ఆయన ఏమో చెప్పబోయిండు. నేను చెప్పనియ్యలె.

"ఈదన్నా, నీకు ప్రార్థన అంటేనే పడ్తలేదు. ఇయ్యాల నా ముంగట గొడ్డలి కింద పెట్టు. మోకాళ్లెయ్యి, కండ్లు మూస్కో. మూస్కున్నవనుకో, పెద్దల ముంగట నేనే లేసి నీ పేరు చెప్త" అన్న.

మీ తాత, సారమ్మా వద్దు, అన్నడు. నేను వినలె.

ఈదన్న చెట్టు దిక్కు చూసిండు. పొదల దిక్కు చూసిండు. మల్ల నా మొకం దిక్కు చూసిండు బిడ్డా, శానా సేపు. తర్వాత గొడ్డలి కింద పెట్టి, మోకాళ్లేసి, కండ్లు మూసిండు. నేను ఒక కన్నుతోని చూస్తనే ఉన్న. దొంగకన్ను గాదు, రెండు నిజంగనే మూసిండు. పిల్లోని తీర్గ గట్టిగ మూసిండు. నాకు గుండె నిండింది. గెలిచిన, ఒక ఆత్మను గెలిచిన అనుకున్న. గర్వం బిడ్డా, ఇంకేం గాదు. ఆ ఖుషీల నేను గూడ రెండో కన్ను మూసిన.

నా బతుకుల మొదటిసారి.

మీ తాత ప్రార్థన సగంల ఉండంగ గుర్రుమన్నది. కండ్లు తెరిసేటాలకు గుడ్డెలుగు, ఈడికెల్లి ఆ తలుపంత దూరంల, రెండు కాళ్ల మీద లేసి నిలబడ్డది. ఎనక పిల్ల ఉన్నది దానికి. నేను లేవలేక పోయిన. ఈదన్న నన్ను పక్కకు నూకి నడుమలకొచ్చిండు. గొడ్డలి అందలె ఆయనకు. మీ తాత రేకు పెట్టె ఎత్తి బండకేసి కొట్టుడు మొదలుపెట్టిండు, ఆ సప్పుడుకు అది పిల్లను తీస్కొని పోయింది. అంతా ఎంత సేపు? నువ్వీ చాయ తాగేటంత సేపు లేదు. ఈదన్న మొకం మీద దాని గోర్లు దిగినయి. చాలు, నీకు అంతకంటె చెప్ప.

పెంటోళ్లొచ్చి కట్టెకు దుప్పటి కట్టి రోడ్డు దాంక మోసిండ్రు. ఏదో లారీ పట్టుకొని దవాఖానకు తెచ్చినం. పానం దక్కింది. ఎడమ కన్ను పోయింది.

మూడో దినం మాట్లాడిండు. అప్పుడు తెల్సింది నాకు అన్ని. పాట గట్టిగ పాడమనేది ఎలుగుకు ఇనపడాల్నని. మనుషులొస్తున్నరని వింటె అదే పక్కకు పోతదంట, ఇనపడకుండ ఎదురుపడితేనే మీదికొస్తదంట. దుమ్ము ఇడిసేది గాలి ఎటు పోతుందో, మన వాసన ఎలుగుకు అందుతదో లేదో చూస్తందుకు. మనం ప్రార్థనకు సప్పుడు చెయ్యక కూసుంటం గద, అదీ ముప్పే. అందుకని మేం మోకాళ్లేస్తే ఆయన నిలబడి కాపలా ఉంటుండె. మాకు వీపు పెట్టింది అందుకు. నేను దాన్ని తీస్కపోయి పెద్దల ముంగట పెడితి.

ఏడ్సుకుంట అడిగిన. "ఇప్పపువ్వు దినాలని నీకు తెల్సు గద, అది ఎలుగు తినే తావని తెల్సు గద. నేనంటే మాత్రం ఎందుకు మూస్తివి ఈదన్నా?"

ఆయన ఏమన్నడో తెల్సా?

"నువ్వు సూస్తుంటవు గద అమ్మా. ప్రతిసారి నీ ఒక కన్ను తెరిసే ఉంటది, నాకు తెల్సు. నువ్వు కాపలా ఉన్నవని మూసిన."

...

ఉండు. జర నీళ్లియ్యి.

ఆయనను దొంగ అనుకొని తెరిసిన కన్ను బిడ్డా అది. దాన్ని ఆయన కాపలా అనుకున్నడు. నాకు ఆయన మీద లేని నమ్మకం ఆయనకు నా మీద ఉండె. అదొక్కనాడే నేను రెండు మూసిన.

మల్ల నేను దేవున్ని గూడ అనుమానించిన, ఎందుకు దాస్త. కునుకు తీయడు, నిద్రపోడు అని ఊరూరు తిరిగి చెప్తిమి గద, మరి ఆ పొద్దు యాడ చూస్తున్నవు, అని అడిగిన. మీ తాత ఏవో జవాబులు చెప్పిండు, నాకు పట్టలె. శానా ఏండ్లు సోంచాయించిన. దేవుడు చూసేది మన కండ్లతోనేనేమో. ఆ పొద్దు ఈదన్నకిచ్చిన కండ్లు నావే, నేనే మూసి కూసున్న. గింతే నాకు అర్థమైంది. తప్పో ఒప్పో అయ్యగారినే చెప్పుమను.

పెద్దల ముంగట మల్ల లేసిన. నా అనుమానం తప్పు, ఆయన నాకంటె పెద్ద విశ్వాసి అని చెప్పిన. బాప్తీస్మం కృష్ణల, సోమశిల దిక్కు. అందరు ఒడ్డున తలలు వంచి కండ్లు మూసిండ్రు. ఈదన్న నడుంలోతు నీళ్లల్ల నిలబడి, అయ్యగారు ప్రార్థన చేస్తుంటే, ఉన్న ఒక్క కన్నుతోని నీళ్లను చూస్తుండు. కృష్ణల మొసలుంటది గద. అటు చూసి ఇటు తిరిగేటాలకు నేను కనపడ్డ. నావి రెండు తెరిసే ఉన్నయి. అంత మందిల మేమిద్దరమే. నన్ను చూసి జర నవ్విండు. అప్పుడు మూసిండు ఆ కన్ను, మూసి నీళ్లల్ల మునిగిండు. లేసేదాంక నేను రెప్ప కొట్టలె. ఆనాటికెల్లి మల్ల మూయలె.

ఈదన్న పోయి నాలుగేండ్లాయె. మట్టికి పోయిన నేను, ఈ మోకాళ్లతోనే. ఆడ గూడ తెరిసే ఉన్న.

అయ్యగారికి వినిపిస్తవో వినిపియ్యవో నీ ఇష్టం. ఆయన మంచోడే కావచ్చు, ఇంకా చూడాలె.

రేపు నీ నర్సు నౌకరి మొదలు గద, అమ్రాబాద్ దిక్కు. సంచి సర్దుకున్నవా? సబ్‌సెంటరుకు తోవ ఎవరు చూపిస్తరు? ఎవరో చెంచు పిల్ల వస్తదంటివి. ఆమె పాడుమంటే పాడు, ఆగుమంటే ఆగు, ఎందుకు అని అడగకు. నా బుద్ధి నీకు రావొద్దు. రా, ఇటు దగ్గరికి రా. తల మీద చెయ్యి పెట్టనియ్యి.

ప్రభువా, ఈ పిల్ల రేపు అడవి తోవ పడుతుంది... ఏందే, నా దిక్కు చూస్తున్నవు? నువ్వు మూస్కో బిడ్డా. రెండు మూస్కో. నేను చూస్తున్న.