అక్షిత మట్టి సీస

"అవ్వా, మీ మనుమరాలి మట్టి సీస ముచ్చట జర చెప్పవా? బడి లైబ్రరీల జరిగిందట గదా."

అగో, నీకెవలు చెప్పిన్రు లావణ్య? మీ అమ్మేనా? దాని నోట్ల నువ్వుగింజ నానది. సరే కూసో. ఆ ఫోను జర దూరం పెట్టు, దగ్గరుంటె నాకు మాట రాదు. నువ్వు గూడ పంతులమ్మ నౌకరి ఎక్కుతున్నవ్, నీకు పనికొస్తది.

మా శీనుగాడు ఉన్నడు గదా, నా నడిపి కొడుకు, వాని బిడ్డ అక్షిత. మూడో తరగతికొచ్చింది, అక్షరాలు ఎరుకనే గని కలిపి చదువరాదు. చదువుమంటె బుక్కు దిక్కు చూడది, మన మొకం దిక్కు చూస్తది. పక్క పిల్ల ఏమంటె గదే అంటది. శీనుకు కోపం నెత్తికెక్కింది. "ఈ బడిల ఇది గిట్లనే ఉంటదే అమ్మా, హయత్‌నగర్ దిక్కు ప్రైవేటు హాస్టల్ల ఏస్త" అన్నడు. నా పానం కొట్టుకున్నది. దాని తల్లి పొద్దుగాలనే కంపెనీల పనికి పోతది, అది పెరిగిందే నా దగ్గర. నా కొంగు పట్టుకోకుంటె నిద్ర రాదు దానికి. హాస్టల్ల ఎవల కొంగు పట్టుకుంటది చెప్పు. గని నేనేమంట? నేను రెండో తరగతిల మానేసినదాన్ని.

మా కాలంల బడి ఎట్లుండె ఎరుకేనా? చారాణకు పిడికెడు బలపాలు వచ్చేటియి, గవి గూడ మా బాపు మా అన్నకే కొనేటోడు. బడిల అద్దాల తలుపుల చెక్క అల్మారి ఒకటుండె, బుక్కులన్ని దాంట్లనే. సారు తాళమేసి తాళంచెవి మొలతాడుకు... కాదు కాదు, ధోతి కొసకు కట్టుకునేటోడు. మేం అద్దంలకెల్లి చూసుడే. ఒక బుక్కు మీద నెమలి బొమ్మ ఉండె. లోపల ఏమున్నదో ఇప్పటికి ఎరుకలేదు నాకు. మా అన్న గూడ మొన్న ఎండాకాలం పోయిండు, పాపం, గాయిన చదివిండో లేదో. ఆఁ, ఏం చెప్తున్న?

అవ్, మట్టి. ఈ యేడు బడికి కొత్త మేడం వచ్చింది. లైబ్రరీ అర్ర తీపిచ్చి, కింద సాప పరిచి, పిల్లల చేతికందేటట్టు దారాల మీద బుక్కులు ఏలాడదీసింది, బట్టలారేసినట్టు. ఊకె చదువుడు గాదు ఆడ. బుక్కుల ఏముంటె గది చెయ్యాలె. పడవ గురించి ఉంటె కాయితం పడవ చేసి నీళ్లల్ల ఇడవాలె. మట్టి గురించి ఉంటె మట్టి తేవాలె. అక్షిత ఇంటికొచ్చి "నాయినమ్మా, మట్టి గావాలె" అని నా పానం తిన్నది. మా చెల్క భూమి ప్లాట్లకు పోయింది గని చెరువు కింద పొలం జరంత మిగిలింది గదా. ఆడి నల్లమట్టి, ప్లాట్ల కాడి ఎర్రమట్టి, రెండు సంచులల్ల నేనే మోసుకపోయిన.

మేడం నన్ను గూడ సాప మీద కూసోమన్నది. బుక్కులకు కాలు తగుల్తదేమోనని ముడుసుకొని కూసున్న. పిల్లలేమో నడుమ బుక్కు పెట్టుకొని మట్టి చేతులతోనే పేజీలు తిప్పుతున్నరు. బుక్కంటె సరస్వతి గదనే. "అంటుతది బిడ్డా" అన్న. మేడం నవ్వి, "అంటనీ అవ్వా, తుడుసుకుంటం" అన్నది. పచ్చడి తొక్కు పెట్టే ఖాళీ సీసలల్ల సగం దాక మట్టి పోసిన్రు, నీళ్లు పోసిన్రు, మూత బిగించి గలగల ఊపి కిటికి కాడ పెట్టిన్రు. చూస్తె ఉత్త బురద. గిదేం చదువని లేచొచ్చిన.

తెల్లారి శీను టీసీ కొరకు బయలెల్లిండు. అది తీసుకుంటె ఇగ ఆ బడికి, పిల్లకు తెగినట్టే గదా. కాళ్లు మొక్కన్న ఆపుదమని ఎంబడి పోయిన. పెద్దసారు ఇంకా రాలే. లైబ్రరీల పిల్లలు గుంపుగూడిన్రు, మేము గూడ లోపటికి పోయినం.

ఏం చెప్పాలె బిడ్డా. సీసలల్ల నిన్నటి బురద గాదది. అడుగున దొడ్డు ఇసుక, దాని మీద సన్నది, దాని మీద ఇంకా సన్నది, వెన్నలెక్క. గీత గీసినట్టు ఉన్నది. ఎర్రమట్టి సీసల సగం ఇసుకనే, నల్లదాంట్ల జరంతనే. గందుకే మా చెల్కల నీళ్లు నిలవకపోయేటియి. గన్ని ఏండ్లు ఆ మట్టిల జొన్నలేసిన, కలుపు దీసిన, ఆడనే కూసొని సద్ది తిన్న. లోపట గిన్ని తీర్లున్నయని నాకు ఎరుకనే లేదు.

శీనుకు గూడ ఆత్రం ఆగలే. ఎలుగుకు పట్టి చూద్దమని సీస మీద చెయ్యేసిండు. గప్పుడు అక్షిత ఉరికొచ్చి వాని చెయ్యి పట్టుకున్నది. "లేపకు డాడీ, గీడ రాసున్నది చూడు" అని బుక్కు తెచ్చి ఏలు పెట్టింది. "నీళ్లు... తేట... పడే దాకా... సీసాను... కద...పరాదు."

వాడు నమ్మలే. "బట్టీ పట్టినవా?" అని పేజీ తిప్పి, బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, "గిది చదువు" అన్నడు. అది మా మొకాలు చూడలే బిడ్డా. బుక్కు చూసి "అడు...గున ఇసుక" అన్నది, సీస దిక్కు చూసింది, ఉన్నది. "దాని పైన... సన్న మట్టి" అన్నది, మళ్ల సీస దిక్కు చూసింది, ఉన్నది. బుక్కు నిజం చెప్తుందా లేదా అని చూసుకుంటుంది అది. ఆఖరికి నీళ్ల మీద తేలిన ఎండుగడ్డి చూపెట్టి, "మేడం, గిది బుక్కుల రాయలే" అన్నది. "అయితె మనమే రాద్దం" అన్నది మేడం.

నాకు దండం పెట్ట బుద్ధయింది. మట్టికో, మేడంకో, ఆ పొట్టిదానికో, ఎరుకలేదు. కండ్లల్ల నీళ్లు మాత్రం ఆగలే.

పెద్దసారొచ్చి "ఏం పని మీద వచ్చినవ్ శీను?" అంటె, మావోడు టీసీ మాటే ఎత్తలే. "ఊకెనే సార్, మట్టి చూద్దమని" అన్నడు. తెల్లారి అక్షితకు నేనింకా జడేస్తనే ఉన్న, వాడు బయట బండి చాలు చేసి "జల్ది రాయె, నీళ్లు తేటవడ్డయో లేదో" అని మొత్తుకుంటున్నడు. వాడు గా బడిల చదివినప్పుడు గూడ గంత తొందరగ పోలే బిడ్డా.

గంతే ముచ్చట. నువ్వు గూడ మంచిగ చెప్పు పిల్లలకు. సీసలు పలుగుతయి, బుక్కులు చినుగుతయి, గుస్స గాకు. నీ కడుపు సల్లగుండ, నీ చేతి కింద నూరుమంది పిల్లలు... ఆఁ, ఉండు, చాయ్ తాగి పోదువు.