వైరు ఎందుకు పీకానంటే

“అమ్మమ్మా, ఆ మాట్లాడే డబ్బా వైరు ఎందుకు పీకేశావు?”

పీకా. పీకి బియ్యం డ్రమ్ము వెనకాల పడేశా. మళ్లీ పెట్టించి రమ్మని మీ అమ్మ పంపించిందా నిన్ను నందిగామ నుంచి? నీ మొహం చూస్తేనే తెలుస్తోందిలే. ఆ ఫోను నా ముందు పెట్టావేంటి, రికార్డు చేస్తున్నావా? చెయ్యి, చెయ్యి. మీ అమ్మకి వినిపించు.

నాకు మాటలు కొత్తా చెప్పు? మీ తాతయ్యా నేనూ ఈ జగ్గయ్యపేటలో పప్పుల కొట్టు నడిపినవాళ్లం. పొద్దున్నే షట్టరు తీస్తే... షట్టరెక్కడిది అప్పట్లో, చెక్క తలుపులు. అవి తీస్తే మొదలు, సిమెంటు లారీల వాళ్లూ, వత్సవాయి నుంచి సంచులు పట్టుకుని వచ్చేవాళ్లూ. ఇప్పుడు కందిపప్పు రేటు వింటే కళ్లు తిరుగుతున్నాయి గానీ అప్పుడు పెళ్లంటే బస్తాలకి బస్తాలు తీసుకెళ్లేవాళ్లు. కొనేది కాసేపు, కబుర్లు గంటసేపు. ఏం చెప్తున్నా? ఆఁ, మాటలు.

మీ తాతయ్య పోయారు, కొట్టు మూసేశాం. ఇల్లు బావురుమంది. అప్పుడు నాకు దిక్కు మీ అమ్మ ఫోనే కదా. నందిగామలో తన గాజుల కొట్టు కట్టేసి, సాయంత్రం రోజూ చేసేది. ఏం వండావమ్మా అనేది. పొట్లకాయ అనేదాన్ని. మళ్లీ పొట్లకాయేనా అనేది. తినేదాన్ని నేను, నీకెందుకే అనేదాన్ని. ఇంక చూసుకో, పోట్లాటే పోట్లాట! ఫోను పెట్టేశాక కూడా నాలో నేను తిట్టుకుంటూ అన్నం తినేదాన్ని. హాయిగా ఉండేది తెలుసా?

అదిగో, అప్పుడు తెచ్చింది ఈ డబ్బాని. నీకు తోడుగా ఉంటుందమ్మా, పొద్దునా సాయంత్రం పలకరిస్తుంది, నువ్వు బాగున్నానంటే నా ఫోనులో పచ్చ టిక్కు పడుతుంది అంది. సరే అన్నా. అది వార్తలు చదివినట్టు, “నమస్కారం అమ్మగారూ, ఈ రోజు మీరు ఎలా ఉన్నారు?” అనడం, నేను “ఆఁ, బాగానే ఉన్నా” అనడం. “చాలా సంతోషం” అనేది. సంతోషమంట! దానికేం సంతోషమే?

పాటలు పెట్టమంటే పెట్టేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మీ అమ్మ ఫోన్లు తగ్గిపోయాయి. నేనే చేస్తే, “పచ్చగా పడిందిగా అమ్మా, చూశాలే, కొట్లో జనం ఉన్నారు” అని పెట్టేసేది. కన్నకూతురికి నేను ఒక టిక్కునయ్యాను. మండదా మరి?

మొన్న వానాకాలంలో జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. మంచం దిగి మంచినీళ్లు తెచ్చుకోలేకపోయా. అది ఎప్పటిలాగే అడిగింది. మూలుగుతూ, “ఏదో... బాగానే ఉన్నాలే” అన్నా. “చాలా సంతోషం” అంది! మీ అమ్మ ఫోనులో పచ్చ టిక్కు.

ఒంట్లో బాలేదని చెప్పొచ్చుగా అంటావు నువ్వు. ఎలా ఉన్నావని అడగ్గానే రోగాలన్నీ ఏకరువు పెడతామా ఎవరన్నా? మన ఇళ్లల్లో మంచాన పడ్డవాళ్లు కూడా ముందు బాగానే ఉన్నా అనే అంటారు. బాగున్నా అంటే వేరు, బాగానే ఉన్నా అంటే వేరు. ఆ రెండోది విన్నవాళ్లు పక్కన కూర్చుని, ఏం, ఏమైంది అని మళ్లీ అడగాలి. అప్పుడు చెప్తాం. అది పలకరింపంటే.

పక్కింటి కోటమ్మ కిటికీలోంచి అడిగితే దానికీ అదే చెప్పా. “ఏంటి పిన్నీ, ఆ బాగానే ఏంటి?” అంటూ తలుపు తోసుకొచ్చి మెడ మీద చెయ్యేసి చూసింది. కెవ్వుమంది. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

మీ అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది, కాదన్ను. వచ్చి ఏం చేసిందో తెలుసా? నా మొహం వంక చూడకుండా నర్సమ్మకి ఫోను చూపించింది. “చూడండి, పొద్దున కూడా పచ్చగానే ఉంది!” అని. సెలైను సూది చేతికుంది గానీ, లేకపోతే అక్కడే చెంప పగలగొట్టేదాన్ని. ఇంటికి రాగానే నేను వైరు పీకింది అందుకే. దానికి మీ అమ్మకి కోపమొచ్చి ఫోను మొత్తానికే మానేసింది. మానేస్తే మానేసింది! నేను చెయ్యను.

నాకు మిషన్లంటే మంటేం లేదు. రెడ్డిగూడెంలో మా చెల్లెలితో వీడియోలో రోజూ మాట్లాడతా. కట్టుడు పళ్లు తీసేసి నవ్వుతుంది ముండ, నాకూ నవ్వాగదు. అవతల మనిషి ఉంది కదా అక్కడ. నన్ను అడగాల్సిన మాట డబ్బా చేత అడిగించిందే మీ అమ్మ, అదీ నా కడుపుమంట.

ఎవరే ఫోను? మీ అమ్మా? వైరు పెట్టానా లేదా అనేగా? ఇటియ్యి. ఇటియ్యమంటుంటే!

ఏమే. పెట్టలేదు, పెట్టను. మందులు వేసుకుంటున్నా, దానికేం. నాకు నిన్ను చూడాలనుందే. పొద్దుగూకితే ఈ ఇంట్లో భయమేస్తోంది. కొట్టు కట్టేసి రా. ఏయ్. ఏడవకు. ఏడిచేదేదో ఇక్కడికొచ్చి ఏడువు.

ఇదిగో, తీసుకో నీ ఫోను. ఆపెయ్యి ఇంక. నువ్వు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి తల్లీ... లే, లేచి ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యి. మీ అమ్మ బస్సు దిగొచ్చేసరికి ఆకలి మీద ఉంటుంది.